ఇంగ్లీషు ప్రశ్నల బోర్డు: తయారీ డైరీ

సోమవారం: ఐదు గడులు

ఇంగ్లీషులో వివరం అడిగే ప్రశ్నలను చేత్తో కదిపి తయారుచేసే బోర్డు ఒకటి కట్టడం మొదలుపెట్టాను. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నల జోలికి ఇందులో పోవడం లేదు. వాట్, వేర్, వెన్, వై, హూ, విచ్, హూజ్, హౌ లాంటి పదాలతో మొదలై, ఒక పేరునో చోటునో సమయాన్నో కారణాన్నో రాబట్టే ప్రశ్నలకే ఈ బోర్డు.

సరంజామా పెద్దగా లేదు. మందపాటి అట్ట, రంగు చార్టు కాగితాలు, కత్తెర, జిగురు, స్కెచ్ పెన్నులు. అట్టను అడ్డంగా ఐదు గడులు చేశాను. మొదటి గడి ప్రశ్న పదానిది, రెండోది ఈజ్, డిడ్, క్యాన్ లాంటి సహాయక క్రియది, మూడోది కర్తది, నాలుగోది అసలు క్రియది. మిగిలిందంతా ఐదో గడిలోకి. ప్రశ్న పదాలకు పసుపు కార్డులు, సహాయక క్రియలకు ఎరుపు, కర్తకు నీలం, అసలు క్రియకు ఆకుపచ్చ, మిగతా వాటికి తెలుపు. కార్డుల మీద ఇంగ్లీషు అక్షరాలే రాశాను. డైరీలో మాత్రం చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను.

ఇంత శ్రమ ఎందుకంటే, ప్రశ్న పదాలు దాదాపు అందరికీ వచ్చు. "వేర్ యూ ఆర్ గోయింగ్?", "వై యూ కేమ్ లేట్?", "వాట్ యూ వాంట్?" అని ఏళ్ల తరబడి అంటున్నవాళ్లకు వేర్, వై, వాట్‌ల అర్థం బాగానే తెలుసు. తేడా వస్తున్నది ఆ పదం పక్కన. రెండో గడిలో ఉండాల్సినది అక్కడ లేదు. నేను చూసిన పాఠాల్లో ప్రశ్న పదాల పట్టిక పేజీ నిండా ఉంటుంది, దాని పక్కన ఏం రావాలన్నది ఒక్క లైనులో అయిపోతుంది. అందుకే నా బోర్డులో రెండో గడిని అన్నిటికంటే వెడల్పుగా కత్తిరించి, చుట్టూ ఎర్ర అంచు అంటించాను. చూసేవాళ్ల కన్ను ముందు అక్కడే పడాలి.

బుధవారం: ఏది కదలాలి, ఏది కదలకూడదు

కార్డులు రాసే ముందు తెలుగు వాక్యాన్ని ఒకసారి పరిచి చూసుకున్నాను. "ఆమె నిన్న లైబ్రరీకి వెళ్లింది." దీన్ని ప్రశ్నగా మారిస్తే "ఆమె నిన్న ఎక్కడికి వెళ్లింది?" జవాబు ఉన్న చోటే ప్రశ్న పదం వచ్చి కూర్చుంది. మిగతా మాటలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ప్రపంచ భాషల నిర్మాణాలను పటాల మీదికెక్కించిన వాల్స్ అనే సంకలనంలో భాషావేత్త మాథ్యూ డ్రయర్ 902 భాషలను ఇదే విషయంలో పోల్చి చూశాడు. ప్రశ్న పదం తప్పనిసరిగా వాక్యం మొదటికి రావాల్సిన భాషలు వాటిలో 264. ఆ పట్టింపు లేనివి 615. అంటే ఈ లెక్కలో మనం ఎక్కువమంది ఉన్న వైపే ఉన్నాం, ఇంగ్లీషు తక్కువమంది ఉన్న వైపు ఉంది. ఇంగ్లీషు నేర్చుకుంటూ ఈ దగ్గర తడబడేవాళ్లు దిగులు పడాల్సిన పనే లేదని నాకు గట్టిగా అనిపించింది.

ఇంగ్లీషులో రెండు కదలికలు జరగాలి. ప్రశ్న పదం మొదటికి రావాలి. సహాయక క్రియ కర్తను దాటి ముందుకు రావాలి. మొదటి కదలిక వింటూ వింటూనే పట్టుబడిపోతుంది, ఎందుకంటే అది వాక్యం తొలి మాటగా గట్టిగా వినిపిస్తుంది. రెండోది మాత్రం మామూలు వేగంలో మాట్లాడుతుంటే నలిగిపోయి దాదాపు వినపడదు. "వేర్ డిడ్ యూ గో" అన్నప్పుడు ఆ డిడ్, యూ రెండూ కలిసిపోయి చిన్న చప్పుడుగా మిగులుతాయి. చెవికి అందనిదాన్ని చేతికి అందించడమే ఈ బోర్డు పని.

ముందు సులువైనవి పెట్టి చూశాను. "షీ ఈజ్ రీడింగ్ ఎ నావెల్." ఇందులో ఈజ్ ఎర్ర కార్డుగా ముందే ఉంది. నావెల్ ఉన్న తెల్ల కార్డు తీసేసి పసుపు వాట్‌ను మొదటి గడిలో పెట్టి, ఈజ్‌ను రెండో గడిలోకి జరిపితే "వాట్ ఈజ్ షీ రీడింగ్?" వచ్చేసింది. క్యాన్, విల్, షుడ్, హ్యావ్, హ్యాజ్ అన్నీ ఇలాగే దారిలోకి వచ్చాయి. రెండు మూడు సహాయక క్రియలు వరసగా ఉన్న వాక్యంలో మొదటిది ఒక్కటే దాటుతుంది. "షీ హ్యాజ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్" నుంచి "హౌ లాంగ్ హ్యాజ్ షీ బీన్ వెయిటింగ్?" వస్తుంది. బీన్ కదలకుండా ఆకుపచ్చ కార్డుతోనే ఉండిపోయింది.

"ది కీ ఈజ్ ఇన్ ది బ్యాగ్" లాంటి వాక్యంలో ఈజ్ తప్ప వేరే క్రియ లేదు. అప్పుడు ఈజ్ రెండో గడిలోకి వెళ్లిపోయి, నాలుగో గడి ఖాళీగా మిగులుతుంది. "వేర్ ఈజ్ ది కీ?" ఖాళీ గడి చూసి కంగారు పడకుండా అక్కడ పెట్టడానికి ఒక లేత బూడిద రంగు కార్డు కత్తిరించాను.

శనివారం: క్రియ కడుపులో దాక్కున్న డిడ్

ఈ రోజంతా ఒకే కార్డు మీద పోయింది. అయినా మొత్తం బోర్డులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

"షీ బాట్ ఎ సైకిల్." ఇందులో ఎర్ర కార్డు లేదు. మరి రెండో గడిలోకి ఏం తేవాలి? డిడ్ తేవాలని అందరూ చెప్తారు. అది ఎక్కడి నుంచి ఊడిపడిందో మాత్రం చెప్పరు. దాంతో నేర్చుకునేవాళ్లు డిడ్‌ను అదనంగా తగిలించి, బాట్‌ను అలాగే ఉంచి "వాట్ డిడ్ షీ బాట్?" అంటారు.

అందుకని బాట్ కార్డును అగ్గిపెట్టెలా చేశాను. పైన ఆకుపచ్చ తొడుగు, దాని మీద బాట్ అని రాసి ఉంటుంది. లోపల రెండు చీటీలు: ఒకటి ఎర్ర డిడ్, ఇంకొకటి ఆకుపచ్చ బయ్. ప్రశ్న చేయాలంటే తొడుగు తీయాలి. ఎర్ర చీటీ బయటికొచ్చి రెండో గడికి వెళ్తుంది, బయ్ నాలుగో గడిలో ఉండిపోతుంది. తొడుగు బోర్డు పక్కకు పోయింది కాబట్టి బాట్ అన్న మాట ఇక ఎక్కడా లేదు. "వాట్ డిడ్ షీ బయ్?" భూతకాలాన్ని డిడ్ మోసుకెళ్లిపోయింది, క్రియ దగ్గర ఇంకేమీ మిగల్లేదు. నియమం చెప్పనక్కర్లేకుండా కాగితమే అడ్డుపడుతుంది.

లివ్స్ కార్డూ అంతే. లోపల డజ్, లివ్. చివరనున్న ఎస్ అక్షరం డజ్‌తో వెళ్లిపోతుంది. "వేర్ డజ్ హీ లివ్?" ఐ, యూ, వుయ్, దే పక్కన వచ్చే లివ్‌కు బయటికీ లోపలికీ రూపంలో తేడా లేదు. అయినా దానికీ తొడుగు వేశాను, లోపల డూ, లివ్ పెట్టాను. కంటికి కనిపించకపోయినా డూ అక్కడ ఉన్నట్టే లెక్క.

హ్యావ్ విషయంలో కాస్త ఆలోచించాను. "షీ హ్యాజ్ ఫినిష్డ్"లో హ్యాజ్ సహాయక క్రియ, కాబట్టి ఎరుపు. "షీ హ్యాజ్ ఎ ప్లాన్"లో అదే అసలు క్రియ, కాబట్టి ఆకుపచ్చ తొడుగు, లోపల డజ్, హ్యావ్. "వాట్ డజ్ షీ హ్యావ్?" మాట ఒకటే అయినా కార్డులు రెండు చేయక తప్పలేదు. డూ కూడా అంతే. "వాట్ డూ యూ డూ?"లో రెండో గడిలోది ఎరుపు, నాలుగో గడిలోది ఆకుపచ్చ. రంగులు వేశాక ఆ వాక్యం ఎంత తేటగా కనిపించిందో!

డూ ఇంగ్లీషులో మొదటి నుంచీ ఇలా లేదు. పూర్వం అసలు క్రియే కర్తను దాటి ముందుకొచ్చేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో "వాట్ థింక్ యీ" అని ఉంటుంది. నేటి ఇంగ్లీషులో అది "వాట్ డూ యూ థింక్" అవుతుంది. "హౌ గోజ్ ఇట్?" అనే పలకరింపు ఆ పాత పద్ధతికి మిగిలిన ఆనవాలు. డూ వాడకం శతాబ్దాల పాటు ఎలా పెరుగుతూ వచ్చిందో స్వీడన్ భాషావేత్త ఆల్వార్ ఎలెగార్డ్ 1953లో పాత రచనలను లెక్కగట్టి చూపించాడు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకే ఈ అలవాటు స్థిరపడడానికి తరాలు పట్టిందంటే, మనం రెండు వారాలు దీని మీద కూర్చోవడం ఎక్కువేమీ కాదు.

ఆదివారం: పిన్ని అడిగిన ప్రశ్న

పిన్ని కొత్తగా ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకుంటోంది. బోర్డు ముందు కూర్చోబెట్టాను. నాలుగు వాక్యాలు కదిపి చూసి కార్డులు కింద పెట్టేసింది.

"ముందు జవాబు రాయమంటావు, తర్వాత ప్రశ్న చేయమంటావు. జవాబు ముందే తెలిస్తే ఇక అడగడం దేనికే?"

"ప్రాక్టీసు కోసం పిన్నీ."

"ప్రాక్టీసు సరే. రేపు నిజంగా ఎవరినైనా అడగాలంటే? నా దగ్గర జవాబు కార్డు ఉండదుగా!"

ఇది న్యాయమైన అడ్డంకి. సాయంత్రమంతా దాని గురించే ఆలోచించాను. తెలియని జవాబుకు కూడా వాక్యంలో ఒక చోటు ఉంటుంది. ఆ చోటుకు ఇంగ్లీషులో పదాలు సిద్ధంగానే ఉన్నాయి: సమ్‌వన్, సమ్‌థింగ్, సమ్‌వేర్, సమ్‌హౌ. సమయానికి ఎట్ సమ్ టైమ్, కారణానికి ఫర్ సమ్ రీజన్. వీటిని తెల్ల కార్డుల మీద రాసి, ప్రతి దాని వెనక వైపు పసుపు రంగు వేసి జంట ప్రశ్న పదం రాశాను. సమ్‌వేర్ వెనక వేర్, సమ్‌థింగ్ వెనక వాట్, సమ్‌వన్ వెనక హూ, ఫర్ సమ్ రీజన్ వెనక వై.

ఇప్పుడు పిన్నికి ఏమీ తెలియకపోయినా "యూ వెంట్ సమ్‌వేర్" అని పరచగలదు. సమ్‌వేర్‌ను తిరగేసి ముందుకు తెస్తుంది, వెంట్ తొడుగు విప్పుతుంది. "వేర్ డిడ్ యూ గో?" మళ్లీ కూర్చోబెట్టినప్పుడు ఆవిడ ఒక్కో కార్డూ పైకి చదువుతూ వరసగా పేర్చింది. "ఇప్పుడు అర్థముంది" అంది. ఈ కార్డులు చేరాక బోర్డు పాఠానికే కాకుండా నిజంగా అడగడానికి కూడా పనికొచ్చేదయింది.

మంగళవారం: ఏదీ కదలని ప్రశ్న

రెండో గడి గురించి ఇంత చెప్పాక, ఆ గడి అసలు అక్కర్లేని ప్రశ్నలకు చోటు చేయాల్సి వచ్చింది. "సమ్‌వన్ బ్రోక్ ది గ్లాస్." సమ్‌వన్ కూర్చున్నది నీలం గడిలో, అంటే కర్త స్థానంలో. దాన్ని తిరగేస్తే హూ. దాని ముందు ఇంకే మాటా లేదు, కాబట్టి అది ఇప్పటికే మొదట్లో ఉంది. దాటడానికి వేరే కర్త కూడా లేదు. తొడుగు విప్పే పనే లేదు. "హూ బ్రోక్ ది గ్లాస్?" బ్రోక్ బ్రోక్‌గానే ఉంటుంది.

బోర్డు మీద ఇది కనిపించడానికి మూడో గడిలోనే తిరగేసే వీలు పెట్టాను. నీలం గడిలో పసుపు కనిపిస్తే చేతులు వెనక్కి తీసుకోవాలి, అంతే. "వాట్ హ్యాపెన్డ్?", "హూ లివ్స్ హియర్?", "హౌ మెనీ పీపుల్ కేమ్?" అన్నీ ఈ కోవలోవే.

బాగా ఉపయోగపడిన జంట ఇది. "రవి కాల్డ్ సీత" అనే వాక్యంలో రవి తెలియకపోతే "హూ కాల్డ్ సీత?" సీత తెలియకపోతే "హూ డిడ్ రవి కాల్?" తెలుగులో ఎవరు, ఎవరిని అని ప్రత్యయమే తేడా చెప్పేస్తుంది. ఇంగ్లీషులో రెండు చోట్లా హూ ఒకటే వినిపిస్తుంది, అర్థాన్ని తేల్చేది డిడ్ ఉండడం, లేకపోవడం. హూమ్ అనే రూపం ఉంది గానీ మాటల్లో అరుదు. టు, విత్ లాంటివి ముందు వచ్చినప్పుడు, పద్ధతిగా రాసే రాతలోనే ఎక్కువ కనిపిస్తుంది. దానికి కార్డు చేశాను కానీ వేరే కవరులో ఉంచాను.

అక్క కొడుకు ఈ జంటతోనే చాలాసేపు ఆడాడు. పేర్లు మార్చి, క్రియలు మార్చి, ఒక్కో వాక్యం నుంచి రెండేసి ప్రశ్నలు తీశాడు. డిడ్ పెట్టాలా వద్దా అని నన్ను అడగడం మానేసి నీలం గడి వైపు చూడడం మొదలుపెట్టాడు. నాకు కావలసింది అదే.

గురువారం: విడిపోని జతలు, వెనక ఉండిపోయేవి

విచ్, హూజ్, హౌ మెనీ, హౌ మచ్ ఒంటరిగా ప్రయాణం చేయవు. పక్కన నామవాచకం ఉంటే దాన్ని వెంటబెట్టుకునే ముందుకొస్తాయి. "హౌ మెనీ బుక్స్ డిడ్ షీ రీడ్?", "హూజ్ ఫోన్ ఈజ్ దిస్?" హౌ మెనీని ముందు పెట్టి బుక్స్‌ను చివర వదిలేయకుండా రెండు కార్డులనూ ఒకే క్లిప్పుతో బిగించాను. లెక్కపెట్టగలిగేవాటికి మెనీ, లెక్కపెట్టలేనివాటికి మచ్. ఎంపికలు కళ్ల ముందు కొన్నే ఉంటే విచ్, హద్దు లేకపోతే వాట్. ఇవి క్లిప్పు మీదే చిన్న అక్షరాల్లో రాశాను, ఇంతకంటే వీటి మీద సమయం పెట్టదలచుకోలేదు.

దీనికి సరిగ్గా ఎదురు తిరిగినవి టు, ఫ్రమ్, ఫర్, విత్. "యూ ఆర్ టాకింగ్ టు సమ్‌వన్." మాటల్లో దీని ప్రశ్న "హూ ఆర్ యూ టాకింగ్ టు?" సమ్‌వన్ వెళ్లిపోయినా టు ఐదో గడిలోనే ఉంటుంది. "వేర్ ఆర్ యూ ఫ్రమ్?", "వాట్ ఆర్ యూ లుకింగ్ ఫర్?" కూడా అంతే. మనకు ఎవరితో, ఎక్కడి నుంచి, దేని కోసం అని విభక్తి ప్రశ్న పదానికే అంటుకుని ఉంటుంది. ఇంగ్లీషులో అది వాక్యం కొసన ఒంటరిగా ఉండిపోయేసరికి చాలామంది దాన్ని మింగేస్తారు. అందుకని ఐదో గడిలో చిన్న జేబు కుట్టి, టు లాంటి కార్డులు అందులో సగం దాకా దిగేలా చేశాను. లాగితే అంత తేలిగ్గా రావు.

కాదు అనే అర్థం ఉన్న ప్రశ్నలకు ఎర్ర కార్డు అంచున అతికే చిన్న ముక్క చాలింది. డిడ్‌కు తగిలిస్తే డిడ్న్ట్, దానితో పాటే కదులుతుంది. "వై డిడ్న్ట్ షీ కాల్?"

హౌ కమ్ మాత్రం వేరే దారిలో నడుస్తుంది. అర్థం వై లాంటిదే, మాటల్లో వాడేది. అయినా దాని తర్వాత ఏదీ తిరగబడదు. "హౌ కమ్ యూ ఆర్ లేట్?" దీనికి రెండో గడిని మూసే మూత కావాలి. మూత గీస్తున్నప్పుడే తట్టింది, ఇదే మూత ఇంకో పెద్ద పనికి కూడా వస్తుందని.

శుక్రవారం: మూత

"డూ యూ నో", "టెల్ మీ", "ఐ డోంట్ నో", "కెన్ యూ టెల్ మీ" అని నాలుగు పొడవాటి పట్టీలు. వీటిలో ఏదైనా ఎడమ వైపు చేరితే రెండో గడి మీద మూత పడుతుంది. లోపలున్న ఎర్ర కార్డు తిరిగి తన చోటికి పోవాలి. "వేర్ ఈజ్ హీ?" కాస్తా "డూ యూ నో వేర్ హీ ఈజ్?" అవుతుంది. డిడ్ అయితే మళ్లీ తొడుగులోకి దూరుతుంది. "వేర్ డిడ్ షీ గో?" నుంచి "ఐ డోంట్ నో వేర్ షీ వెంట్." శనివారం చేసిన తొడుగు రెండు వైపులా పనిచేస్తుందని చూసి ఎంతో సంతోషం వేసింది. విప్పితే ప్రశ్న, మూస్తే మామూలు వాక్యం.

దీన్ని చివరికి అట్టిపెట్టడానికి కారణం ఉంది. ప్రశ్నలో తిరగేయడం బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువగా "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ" అంటారు. కష్టపడి అలవాటు చేసుకున్నదాన్ని ఆపుకోవడం కష్టం. తిరగేయడం కుదురుకోకముందే మూత చూపిస్తే రెండూ కలగాపులగం అవుతాయి. కాబట్టి మూత వేరే కవరులో ఉంటుంది, తొడుగులు తడుముకోకుండా విప్పగలిగే రోజు వచ్చాకే ఆ కవరు తెరవాలి.

బోర్డు అడుగున ఒక బాణం కూడా గీశాను, ఎడమ నుంచి కుడికి పోతూ చివర కిందికి వంగేలా. వివరం అడిగే ప్రశ్నల్లో స్వరం మామూలుగా చివర దిగుతుంది, అవును కాదు ప్రశ్నల్లో లేస్తుంది. సరిగా వినపడకో, నమ్మలేకో తిరిగి అడిగేటప్పుడు ఇంగ్లీషువాళ్లు కూడా ప్రశ్న పదాన్ని మన లాగే ఉన్న చోటే ఉంచి స్వరం పైకి లేపుతారు: "హీ వెంట్ వేర్?" పిన్నికి ఇది తెగ నచ్చింది. "మరి ఎప్పుడూ ఇలాగే అడిగితే పోలేదా?" అంది. ఎప్పుడూ ఇలాగే అడిగితే ఎదుటివాళ్లకు అది ఆశ్చర్యంలా వినిపిస్తుందని చెప్పాను.

ఆదివారం: ఇంకా మిగిలిన పని

ఒక రకం ప్రశ్న ఐదు గడుల్లో పట్టడం లేదు. "యూ థింక్ షీ వెంట్ సమ్‌వేర్" అనే వాక్యంలో రెండు క్రియలున్నాయి. దీని ప్రశ్న "వేర్ డూ యూ థింక్ షీ వెంట్?" వేర్ బయల్దేరింది రెండో భాగం నుంచి, చేరింది మొదటి భాగం ముందుకు. డూ వచ్చింది థింక్ లోపలి నుంచి. వెంట్ తొడుగు మూసే ఉంది. "హూ డూ యూ థింక్ కాల్డ్ హర్?" ఇంకా ఆసక్తికరం. హూ కాల్డ్‌కు కర్త అయినా, థింక్ తొడుగు విప్పి డూ తీయక తప్పదు.

దీనికి రెండో అట్ట కావాలి. మొదటి బోర్డు కుడి అంచుకు దాన్ని బట్ట టేపుతో అతికించి మడతపడేలా చేస్తాను. రెండో అట్టలో సహాయక క్రియ గడికి మూత మొదటి నుంచే అంటించి ఉంటుంది. పసుపు కార్డు ఒక అట్ట నుంచి ఇంకో అట్టకు జారడానికి మధ్యలో సన్నని గాడి కోయాలి. టేపు ఉంది. అట్టే ఇంకా మందంగా ఉన్నది చూడాలి, ఇప్పుడున్నది మడత దగ్గర అప్పుడే మెత్తబడుతోంది.